బీటిల్ మడ్‌గార్డు ముందా, గాలి గొట్టం ముందా?

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకు నాలుగు మడ్‌గార్డులూ విడి రేకులే. వాటిని బాడీకి వెల్డింగ్ చేయరు, 8 మిల్లీమీటర్ల బోల్టులతో బిగిస్తారు. రేకుకూ బాడీకీ మధ్య సన్నటి ప్లాస్టిక్ బీడింగ్ కూర్చుంటుంది. 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లా ఫ్యాక్టరీ నుంచి చివరి బీటిల్ బయటికి వచ్చింది. మొత్తం 2,15,29,464 కార్లు తయారయ్యాక కూడా ఈ పద్ధతి మారలేదు. దెబ్బ తగిలితే ఒక్క రేకు విప్పి మార్చుకోవచ్చు, బాడీని కోయాల్సిన పని లేదు.

ఈ కారు ముందు భాగంలోకి గాలి రెండు దారుల్లో వస్తుంది. మొదటిది బయటి చల్లగాలి. 1968 మోడల్ నుంచి, అంటే 1967 ఆగస్టు నుంచి, ముందు అద్దం కింది రేకులో చీలికలు పెట్టారు. వాటి కింద ఒక డబ్బా, డబ్బా నుంచి డాష్‌బోర్డు వైపు గొట్టాలు, డబ్బా అడుగున వాననీరు బయటికి పోవడానికి మరో గొట్టం ఉంటాయి. రెండోది వేడిగాలి. ఇంజను వెనక ఉంది కాబట్టి ఆ గాలి కారు పొడవునా ప్రయాణించాలి. ఇంజను ఫ్యాను తోసిన గాలి సైలెన్సర్ వైపు వెళ్లే పొగ గొట్టాల చుట్టూ తిరిగి వేడెక్కుతుంది. తలుపుల కింద హీటర్ ఛానెల్ అనే బోలు దూలం ఉంటుంది, వేడెక్కిన గాలి అందులోంచి ముందుకు వచ్చి కొంత కాళ్ల దగ్గరా, కొంత అద్దం కిందా బయటపడుతుంది.

విప్పి రంగు వేసిన కారును మళ్లీ కూర్చేటప్పుడు మడ్‌గార్డు, గాలి గొట్టం ఈ రెండింటిలో ఏది ముందు అన్న దగ్గర వర్క్‌షాపుల్లో పేచీ వస్తుంది. రేకుపనిలో చేయి తిరిగిన మేస్త్రీది ఒక వాదం, గాలీ నీరూ పోయే దారి చూసే ఇంజనీరుది ఇంకో వాదం. ఆ రెండు వాదాలనూ వారి మాటల్లోనే ఇక్కడ చూడవచ్చు.

మేస్త్రీ: మడ్‌గార్డే ముందు ఎక్కాలి సార్. బీటిల్ ముఖమంతా ఆ రెండు రేకుల్లోనే ఉంది. హెడ్‌లైటు కూర్చునేది దాంట్లోనే. ఫుట్‌బోర్డు మొదలయ్యేది దాని అంచు నుంచే. బంపరు బ్రాకెట్లు దూరేది దాని సందులోంచే. అది నిలబడితే గానీ మిగతావాటి వరస తేలదు. గాలి గొట్టాలదేముంది, డిక్కీలోంచి చెయ్యి పెట్టి ఎప్పుడైనా తొడుక్కోవచ్చు.

ఇంజనీరు: ఎప్పుడైనా అంటే ఎప్పుడు మేస్త్రీ గారూ? ఆ డబ్బా పెట్రోలు ట్యాంకు వెనకాల, అద్దం కింద ఇరుకులో ఉంటుంది. ట్యాంకు బయట ఉన్నప్పుడే అక్కడ రెండు చేతులూ పనిచేస్తాయి. మీరు మడ్‌గార్డు పెట్టేశాక ఆ రేకు మీద వంగి ట్యాంకు దించాలి, మళ్లీ ఎక్కించాలి. గీత పడితే పడేది మీరు వేసిన కొత్త రంగు మీదే కదా.

మేస్త్రీ: దుప్పటి పరుచుకుంటాం సార్.

ఇంజనీరు: దుప్పటి గీతను ఆపుతుంది, సొట్టను ఆపదు.

ట్యాంకు సంగతి ఇక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించినది. బీటిల్‌లో డిక్కీ ముందు ఉంటుంది, పెట్రోలు ట్యాంకు ఆ డిక్కీలోనే, రెండు మడ్‌గార్డుల మధ్యే కూర్చుంటుంది. తుప్పుపట్టి ఊడని మడ్‌గార్డు బోల్టును గ్యాస్ మంటతో కాల్చి విప్పడం రోజూ జరిగే పనే. చాలా ఇతర కార్లలో ముందు మడ్‌గార్డు దగ్గరి మంటకూ ట్యాంకుకూ కారంత దూరం ఉంటుంది. ఇక్కడ మధ్యలో ఉండేది కాస్త ఖాళీ, ఒక పొర రేకు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల నిలిచేది ఆవిరి. అందుకే బోల్టుల మీద చెయ్యి వేయకముందే ట్యాంకును దించి, పని జరిగే చోటికి దూరంగా పెట్టాలి. ఈ ఒక్క విషయంలో మేస్త్రీకీ ఇంజనీరుకూ తేడా లేదు. దించిన ట్యాంకు మళ్లీ ఎక్కేలోపు గాలి డబ్బా పని పూర్తి చేయడం సుఖం కాబట్టి, మొదటి పేచీలో మొగ్గు ఇంజనీరు వైపే ఉంది.

బోల్టు బిగుసుకునే నట్లు బాడీ లోపల, సన్నటి గూళ్లలో కదలకుండా అమర్చి ఉంటాయి. బోల్టు తుప్పుతో పట్టేసినప్పుడు బలంగా తిప్పితే రెండు నష్టాల్లో ఒకటి జరుగుతుంది: బోల్టు తెగుతుంది, లేదా నట్టు గూటిలోంచి ఊడి బోల్టుతో పాటే తిరుగుతుంది. మొదటిది నయం. తెగిన బోల్టు నడిమధ్య 6.8 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి, 8 మిల్లీమీటర్ల సైజుకు 1.25 పిచ్ ట్యాప్ కొడితే మర మళ్లీ వస్తుంది. తిరిగే నట్టుకు అంత తేలిక దారి లేదు. లోపలి నుంచి పట్టుకోవాలి, వీలు కాకపోతే రేకు కోసి కొత్త నట్టు వెల్డింగ్ చేయాలి. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రంతా వదిలేయడం, మర్నాడు బోల్టును కొంచెం బిగించి కొంచెం వదులు చేస్తూ తిప్పడం ఇలాంటి కోతను చాలాసార్లు తప్పిస్తుంది. పాతవి ఊడాక ప్రతి నట్టులోనూ ట్యాప్ దింపి, పాత రంగూ తుప్పూ బయటికి తీయాలి. కొత్త బోల్టు చేత్తోనే చివరిదాకా తిరగాలి. ఏదైనా నట్టులో అలా తిరగకపోతే ఆ నట్టు పని ఇంకా మిగిలే ఉన్నట్టు.

ఇంజనీరు: అన్నీ అయ్యాక స్టెయిన్‌లెస్ బోల్టులు వేద్దాం. ఇక జన్మలో తుప్పు పట్టవు.

మేస్త్రీ: బోల్టుకు పట్టదు సార్, నట్టుకు పడుతుంది. రెండు రకాల లోహాలు తడిలో ఆనుకుంటే తుప్పు త్వరగా పట్టే దాన్నే తింటుంది. బోల్టు పోతే కొట్లో ఇంకోటి దొరుకుతుంది. నట్టు బాడీలో ఉంది, అది పోతే మళ్లీ మంట పెట్టాలి, కోయాలి. జింకు పూత ఉన్న మామూలు ఇనుప బోల్టు వేసి, మర నిండా గ్రీజు పెట్టండి. పోవలసి వస్తే ముందు ఆ పూతే పోతుంది.

ఇంజనీరు: మర నిండా గ్రీజు ఉంటే స్టెయిన్‌లెస్‌కైనా తడి అందదు కదా.

మేస్త్రీ: టైరు కొట్టే నీళ్ల ముందు గ్రీజు ఎన్నాళ్లు నిలుస్తుంది సార్?

ఈ చోట మేస్త్రీ మాటే నిలుస్తుంది. ఫ్యాక్టరీ వేసినవీ పూత ఉన్న ఇనుప బోల్టులే. మార్చడం సులువైన భాగం ముందు అరగాలి, మార్చలేని భాగం మిగలాలి. పాత కార్ల పనిలో చాలా నిర్ణయాలకు ఇదే ఆధారం.

తర్వాత వచ్చేది రేకు ఎంపిక. పాత మడ్‌గార్డునే బాగుచేయాలా, కొత్తగా వచ్చే నకలు రేకు కొనాలా?

ఇంజనీరు: కింది అంచంతా తుప్పు తినేసింది. కోసి ముక్క అతికితే వెల్డింగ్ వేడికి రేకు మెలి తిరుగుతుంది, పైన ఇంత మందం లాంబీ పుట్టీ పడుతుంది. కొత్తది కొని రంగు వేస్తే పోతుంది కదా.

మేస్త్రీ: కొత్తది పెట్టి చూడండి సార్, రెండు రంధ్రాలు కలుస్తాయి, మూడోది పక్కకు పోతుంది. హెడ్‌లైటు దగ్గర వంపు ఎడమది ఒకలా, కుడిది ఒకలా ఉంటుంది. పాత రేకు దళసరి, ఈ బాడీతోనే పుట్టింది. అతుకు వేడికి మెలి తిరగకుండా చుక్క చుక్కగా అతకడమే కదా మా పని.

కొనాల్సే వస్తే కారు ఏ సంవత్సరానిదో ముందు తెలియాలి. బయటికి ఒకేలా కనిపించే బీటిల్ ముందు మడ్‌గార్డులు నిజానికి ఒకటి కావు. యూరప్ కార్లలో 1967 ఆగస్టుకు ముందు హెడ్‌లైటు అద్దం వెనక్కి వాలి ఉండేది, ఆ తర్వాత నిటారుగా నిలిచింది. 1970 ఆగస్టులో వచ్చిన 1302, 1972 ఆగస్టులో వచ్చిన 1303 మోడళ్లలో ముందు సస్పెన్షన్ మారి ముక్కు పొడవైంది. వాటి మడ్‌గార్డులు మామూలు బీటిల్‌కు సరిపోవు. 1974 ఆగస్టు నుంచి యూరప్ కార్లలో ముందు ఇండికేటర్లు మడ్‌గార్డు మీంచి బంపరులోకి దిగాయి, కాబట్టి ఆ రేకు మీద వాటి రంధ్రాలుండవు. ఫొటో చూసి తెప్పించుకున్న రేకు వాకిట్లో విప్పాక పనికిరాకపోవడానికి సాధారణంగా ఇలాంటి తేడాలే కారణం.

మన దేశంలో ఈ ఎంపికకు చట్టం వైపు నుంచి కూడా ఒక కోణం ఉంది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయవచ్చు. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000. వాహనం మూలరూపంలో ఉండాలి. చాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజనులో గానీ మార్పు చేసిన పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదు. మడ్‌గార్డు బోల్టుతో ఊడివచ్చే భాగం, దాన్ని బాగుచేసినా అదే రూపంలో మార్చినా కారు రూపం మారదు. నకలు రేకు కలవలేదని బాడీ అంచును సుత్తితో కొట్టడం, బాడీలో కొత్త రంధ్రాలు పొడవడం వేరు. రేకు కలవకపోతే మారాల్సింది రేకే. దాని రంధ్రాన్నే ఆకురాయితో సాగదీయాలి, అదీ రంగు వేయకముందే.

అందుకే ఉత్తి బిగింపు అవసరం. రంగు వేయకముందు, బీడింగ్ లేకుండా, మడ్‌గార్డును నాలుగైదు బోల్టులతో నిలబెట్టి చూడాలి. చాలా కార్లలో ముందు మడ్‌గార్డు అంచు తలుపును ఆనుకుని ఉంటుంది కాబట్టి తలుపు సందు చూసి దాన్ని సర్దుతారు. బీటిల్‌లో తలుపుకూ బానెట్‌కూ ఆనుకునేది బాడీలో కలిసిన రేకే, మడ్‌గార్డు వాటిని తాకదు. ఇక్కడ చూడాల్సినవి మూడు: ఫుట్‌బోర్డుతో కలిసే కింది మూల, బంపరు బ్రాకెట్ దూరే సందు, రెండు హెడ్‌లైట్ల ఎత్తు. కారు ముందు పది అడుగుల దూరంలో కూర్చుని చూస్తే ఎత్తు తేడా కంటికే తెలుస్తుంది. మడ్‌గార్డు ముందు ఎక్కాలన్న మేస్త్రీ వాదానికి అసలు బలం ఇక్కడుంది. ఎక్కి, కొలత తేల్చి, మళ్లీ దిగాలి. చివరి బిగింపు తర్వాతి మాట.

గాలి పని ఇప్పుడు మొదలవుతుంది. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పక తప్పదు, ఎందుకంటే కార్లు కుళ్లేది ఇక్కడే, పనిలో తొందర పడేదీ ఇక్కడే.

ఇంజనీరు: అద్దం కింది చీలికల్లోంచి గాలి వస్తుంది, దాంతో పాటు వానా వస్తుంది. ఆ నీటిని పట్టడమే డబ్బాకు సగం పని. అడుగు గొట్టం మూసుకుపోతే నీరు డబ్బాలో నిండి డాష్‌బోర్డు వెనక వైరింగ్ వైపు పొర్లుతుంది. కారును చెట్టు కింద పెట్టేవాళ్లకు మొదట మూసుకుపోయేది అదే, ఆకులతో.

మేస్త్రీ: మా దగ్గరికి వచ్చే పాత కార్లలో చాలామంది ఆ చీలికల కింద టేపు వేసేసి ఉంటారు సార్, గొడవే లేకుండా.

ఇంజనీరు: గొడవ లేకపోవడం కాదు, గాలే లేకపోవడం. ఏసీ లేని కారు అది. మే నెలలో అద్దాలెక్కించి దుమ్ములో పోతుంటే లోపల కూర్చున్నవాళ్లకు ఉన్న దారి ఆ ఒక్కటే.

డబ్బాకూ పై రేకుకూ మధ్య స్పాంజి పట్టీ ఉంటుంది. పాతది వేలితో నొక్కితే పొడి అవుతుంది. దాన్ని పూర్తిగా గీకి కొత్త పట్టీ అతకాలి, ఎక్కడా తెగకుండా ఒకటే చుట్టుగా. తర్వాత గొట్టాలు తొడిగి క్లిప్పులు వేయాలి. నీటి గొట్టం మడత పడకుండా కిందికి వాలి ఉండాలి. ట్యాంకు ఎక్కించేముందు చెంబుతో నీళ్లు చీలికల మీద పోసి చూడాలి. పోసిన నీరంతా కారు కింద పడాలి, డిక్కీలో ఒక్క చుక్క కనిపించినా డబ్బా మళ్లీ దిగాలి. డాష్‌బోర్డు నాబులు తిప్పితే డబ్బాలోని మూతలు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

వేడిగాలి దారి మీద వాదం మరికాస్త గట్టిది.

మేస్త్రీ: మన ఎండలకు హీటరు ఎందుకు సార్? తీసేస్తే బరువూ తగ్గుతుంది, తుప్పు చోటూ తగ్గుతుంది.

ఇంజనీరు: జూలైలో ముసురు పట్టి లోపల నలుగురు కూర్చుంటే అద్దం మంచు పట్టినట్టు మసకబారుతుంది. దాన్ని తుడిచేది ఆ గాలే. ఇంకో మాట. ఫ్యాను డబ్బా నుంచి హీటరుకు పోయే రెండు నోళ్లనూ తెరిచి వదిలేస్తే ఇంజనును చల్లబరచాల్సిన గాలి వాటిలోంచి వృథాగా పోతుంది. ఇది నీళ్ల రేడియేటరు లేని ఇంజను, ఉన్నది గాలే. తీసేసేవాళ్లు ఆ నోళ్లను మూయడం మరిచిపోతారు, తర్వాత ఇంజను వేడెక్కిందని మీ దగ్గరికే వస్తారు.

మేస్త్రీ: ఆ మాట నిజమే సార్. కానీ ఉంచుతానంటే పొగ సంగతి కూడా చూసుకోవాలి.

ఆ పొగ సంగతి చాలా ముఖ్యం. గాలి వేడెక్కేది పొగ గొట్టాన్ని ఆనుకుని కాబట్టి, ఆ గొట్టానికి లోపల చిల్లు పడితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా కూర్చునే చోటికి వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. గొట్టాన్ని విప్పి చూసి, చిల్లు లేదని తేల్చుకున్నాకే ముందు గొట్టాలు కలపాలి. చిల్లు ఉంటే అతుకు పెట్టకూడదు, భాగాన్నే మార్చాలి. అద్దం వైపు పైకి వెళ్లే గొట్టాలను కూడా, పాతవి పెళుసుబారితే, మూలరూపం పేరుతో దాచుకోకుండా మార్చేయడం మేలు. అవి బయటికి కనిపించవు, కారు విలువను తగ్గించవు. కలిపాక ఇంజను నడిపి, హీటరు తెరిచి, ప్రతి అతుకు దగ్గరా వెలిగించిన అగరుబత్తి పట్టుకోవాలి. పొగ నిటారుగా లేస్తే అతుకు బాగున్నట్టు, పక్కకు కొట్టుకుపోతే అక్కడ గాలి కారుతున్నట్టు. అగరుబత్తి పరీక్ష ట్యాంకు ఎక్కించకముందు చేయాలంటే ఇంజనుకు పెట్రోలు వేరే డబ్బా నుంచి రావాలి. ఆ డబ్బాను ఇంజనుకు ఎడంగా బిగించడం కుదరకపోతే, ట్యాంకు ఎక్కించి మూత వేశాక, నిప్పు లేకుండా, అతుకుల దగ్గర తడిచేయి పెట్టి గాలి కారడం చూడాలి.

మడ్‌గార్డూ గాలి దారీ ఒకదాన్నొకటి కలిసే చోటు ఒకటుంది. ముందు చక్రం వెనక, మడ్‌గార్డు కింది మూల లోపల, హీటర్ ఛానెల్ ముందు కొస ఉంటుంది. టైరు విసిరే బురదంతా ఆ మూలలో చేరి ఆరదు. బయట మడ్‌గార్డు రేకూ లోపల ఛానెల్ కొసా ఒకేసారి తుప్పు పడతాయి. ఛానెల్ కొసకు చిల్లు పడితే వేడిగాలి బయటికి పోతుంది, బురదనీరు లోపలికి వస్తుంది. మడ్‌గార్డు ఎక్కేశాక ఈ చోటు కంటికి కనబడదు, చేతికి అందదు. మడ్‌గార్డును చివరికి బిగించాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ఆ కొసను శుభ్రం చేసి, కుళ్లిన రేకు మార్చి, ప్రైమరు వేసి, అతుకుల్లో సీలెంటు నింపి, పైన అండర్‌కోటింగ్ కొట్టి, అంతా ఎండాకే మడ్‌గార్డు దగ్గరికి రావాలి.

చివరి బిగింపుకు ఇద్దరు మనుషులు కావాలి. ముందు పై బోల్టు పడాలి, తర్వాత మిగతావన్నీ వదులుగా, రేకుకూ బాడీకీ మధ్య వేలు దూరేంత సందు ఉంచి. ఎండలో కాసేపు పెట్టి మెత్తబడిన బీడింగ్‌ను ఆ సందులోకి దించి, దాని చీలికలు బోల్టుల మీద కూర్చునేలా తోయాలి. ఒక చోట లాగితే ఇంకో చోట లేస్తుంది, కాబట్టి ఒకరు బీడింగ్‌ను నొక్కి పట్టుకుంటే ఇంకొకరు నడుమ నుంచి రెండు వైపులకూ కొంచెం కొంచెంగా బిగించాలి. ఫుట్‌బోర్డుతో కలిసే చోట రబ్బరు వాషరు మరవకూడదు, అది లేకపోతే రంగు మీద రంగు రాసుకుంటుంది.

మేస్త్రీ: బీడింగ్ కింద చుట్టూ సీలెంటు పూసేద్దాం సార్. నీటి చుక్క దూరదు.

ఇంజనీరు: పైనుంచి దూరదు, కింద నుంచి దూరుతుంది. దూరింది బయటికి రాదు. మళ్లీ విప్పేటప్పుడు రంగుతో సహా ఊడుతుంది. విప్పడానికే బోల్టు పెట్టారు మేస్త్రీ గారూ, అతికించేట్టయితే వాళ్లే వెల్డింగ్ చేసుకుని ఉండేవాళ్లు.

మేస్త్రీ: మరి లోపల?

ఇంజనీరు: లోపల మైనం కొట్టండి. తడిని ఆపుతుంది, విప్పనిస్తుంది.

ఈ సలహా సరైనది. బోలు భాగాల్లో చల్లే మైనం సందుల్లోకి పాకి రేకు మీద పొరలా నిలుస్తుంది. రెండు మూడేళ్లకోసారి మళ్లీ కొట్టుకోవచ్చు.

వైరింగ్ చివరికి మిగులుతుంది. తీగ బాడీలోంచి మడ్‌గార్డులోకి దూరే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ ఉండాలి, లేకపోతే రేకు అంచు తీగ తొడుగును కోస్తుంది. ఎర్త్ రేకు ద్వారా దొరికే దీపాలకు, రంగు అన్నిచోట్లా పడితే ఎర్త్ తెగుతుంది. దీపం మసగ్గా వెలిగినా, ఇండికేటరు వేస్తే ఇంకో దీపం మిణికినా మొదట చూడాల్సింది అదే. జర్మన్ కార్లలో ఎర్త్ తీగ గోధుమరంగులో ఉంటుంది, దాన్ని రంగు గీకిన శుభ్రమైన రేకుకు బిగించాలి. బంపరు దాని తర్వాత ఎక్కుతుంది. హెడ్‌లైటు మడ్‌గార్డులోనే ఉంది కాబట్టి రేకు కదిలితే వెలుగూ కదిలినట్టే, గోడ ముందు కారు నిలిపి దాని దిశ మళ్లీ సరిచేయాలి.

బిగించిన బీడింగ్ ఒత్తిడికి కొద్దికొద్దిగా అణుగుతుంది, అణిగినంత మేర బోల్టులు వదులవుతాయి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత, ముందు చక్రాలు తీసి, అన్ని బోల్టులనూ ఒకసారి పానాతో మళ్లీ బిగించాలి. అదే రోజు అద్దం కింద చెంబుడు నీళ్లు పోసి, అవి కారు కింద పడుతున్నాయో లేదో చూసుకోవాలి.